రొయ్యల ప్లాంటు కంపుకి బయోఫిల్టర్: కొబ్బరి డొక్కతో బెడ్ వేస్తే నిలుస్తుందా?

పాలకొల్లు_ఈటీపీ

అందరికీ నమస్కారమండి. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్, పాలకొల్లు దగ్గర. కంపు రెండు చోట్ల పుడుతోంది. ఒకటి తలకాయలు, పెంకులు లారీ వచ్చేదాకా ఉంచే గది: 10 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 4 ఎత్తు. రెండోది ఈటీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఈక్వలైజేషన్ ట్యాంకు, అంటే వచ్చిన మురుగునీటిని ముందు కలిపి ఉంచేది, దానికి మూత లేదు. తెల్లవారుజామున ఊళ్ళోకి బాగా కొడుతోందని ఫిర్యాదులు. కెమికల్ స్క్రబ్బర్ అయితే మందుల ఖర్చు నెలనెలా తగులుతుంది, అందుకని బయోఫిల్టర్ ఆలోచన: కంపు గాలిని తడి బెడ్‌లోంచి పంపితే అందులోని బాక్టీరియా కంపుని తినేస్తుంది. కోనసీమ డొక్క దగ్గర్లోనే దొరుకుతుంది, దాన్నే మీడియాగా (బెడ్‌లో నింపే సరుకు) వాడొచ్చా? ఎంత సైజు కట్టాలి? ఎక్కడ దెబ్బతింటుంది?

గాలిలెక్క

డొక్కా చెక్కా తర్వాత చూద్దామండి, ముందు గాలి తేల్చండి. గది 240 ఘనపు మీటర్లు. గంటకి 10 సార్లు గాలి మారాలంటే 2,400. ట్యాంకుకి మూత వేసి 600 లాగండి. మొత్తం గంటకి 3,000 ఘనపు మీటర్లు.

బెడ్‌లో గాలి 45 సెకన్లు ఉండాలనుకుంటే 3,000 × 45 ÷ 3,600 = 37.5 ఘనపు మీటర్ల మీడియా. లోతు 1.2 మీటర్లు పెడితే 8 × 4 మీటర్ల బెడ్ సరిపోతుంది: 32 చదరపు మీటర్లు, 38.4 ఘనపు మీటర్లు, 46 సెకన్లు. చదరపు మీటరుకి గంటకి 94 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. మామూలుగా 50 నుంచి 150 మధ్య నడుపుతారు కాబట్టి ఇబ్బంది లేదు. చోటు కలిసొస్తుందని లోతు 2 మీటర్లు చేయకండి. అడుగు మీడియా పై బరువుకి నలిగి గాలికి దారి మూసుకుంటుంది.

ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఫిల్టర్‌కి చేరని గాలిని ఏ ఫిల్టరూ శుభ్రం చేయదు. గది తలుపు జానెడు తెరిచి ఆ సందు దగ్గర అగరొత్తి పట్టుకోండి. పొగ లోపలికి వంగాలి. నిటారుగా లేచినా, బయటికి వచ్చినా ఎంత మంచి బెడ్ కట్టినా ఊళ్ళో కంపు తగ్గదు. లారీ లోడింగ్ వైపు షట్టర్‌కి స్ట్రిప్ కర్టెన్ తప్పనిసరి.

సూక్ష్మజీవి

మీ దగ్గర రెండు రకాల కంపు ఉంది, రెంటి స్వభావమూ వేరు. గదిలోది నీచు కంపు: ట్రైమిథైల్ అమీన్, అమ్మోనియా. ట్యాంకుది కుళ్ళిన గుడ్డు కంపు: హైడ్రోజన్ సల్ఫైడ్, దాని వెనక మెర్కాప్టాన్లనే గంధకపు వాయువులు.

ముక్కు ఎంత చురుకో చూడండి. జపాన్‌లో మనుషుల ముక్కులతో కొలిచిన లెక్కల్లో అమ్మోనియా 1.5 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ఒకటిన్నర వంతు) దగ్గర తెలుస్తుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ 0.00041 దగ్గర, ట్రైమిథైల్ అమీన్ 0.000032 దగ్గర. చేతి మీటరు సున్నా చూపిస్తున్నా ఊళ్ళో వాళ్ళు ముక్కు మూసుకుంటారంటే ఇదే కారణం. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, మీటరూ చెప్పట్లేదు.

ట్యాంకు విషయంలో ఇంకొకటి. రొయ్య నల్లబడకుండా సోడియం మెటాబైసల్ఫైట్‌లో ముంచుతారు కదా, ఆ నీళ్ళు నేరుగా ఈక్వలైజేషన్ ట్యాంకులోకి పోతే గాలి తగలని చోట బాక్టీరియా ఆ గంధకాన్నే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. ట్యాంకు అడుగున నల్ల బురద పేరుకుందంటే కంపు అక్కడే తయారవుతోంది. ఆ బురద తీయించి, గాలి కలియబెట్టే ఏర్పాటు సరిచేస్తే ఫిల్టర్ మీద సగం భారం తగ్గుతుంది.

గాలిలెక్క

దానికి తోకగా: ట్యాంకులోకి అడుగునుంచి బుడగల గాలి ఇస్తున్నారా? ఇస్తుంటే గంటకి ఎంతో చెప్పండి. లోపలికి 300 పోతుంటే 600 లాగడం బాగానే ఉంది. 600 పోతుంటే 1,000 పైనే లాగాలి, లేకపోతే మూత సందుల్లోంచి కంపు బయటికే తంతుంది. అప్పుడు బెడ్ సైజు కూడా మారిపోతుంది.

అంబాజీపేట_పీచు

డొక్క అడిగారు కాబట్టి. వాడొచ్చండి, బాగుంటుంది, కానీ ఏ డొక్క అన్నది ముఖ్యం. పీచు తీశాక మిగిలే పొట్టు వాడొద్దు. నీళ్ళు తాగి ముద్దయిపోతుంది, నెలల్లో గాలి ఆగిపోతుంది. కావలసింది డొక్కని అడ్డంగా నరికిన 15 నుంచి 40 మిల్లీమీటర్ల ముక్కలు. పీచూ పొట్టూ కలిసే ఉండాలి. పీచు ముక్కని నిలబెడుతుంది, పొట్టు నీటిని పట్టుకుంటుంది.

పచ్చి డొక్కలో ఉప్పు, టానిన్ ఉంటాయి. ముక్కల్ని 24 గంటలు నానబెట్టి నీళ్ళు పారబోయాలి, అలా మూడు సార్లు. మూడోసారి నీళ్ళ ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) 1 mS/cm లోపుకి రావాలి. మొదటి నీళ్ళు కాఫీ డికాషన్‌లా ఉంటాయి, వాటిని పంట కాలువలోకి వదలకండి, ఈటీపీకే పంపండి.

నేను చెప్పే పాళ్ళు, ఘనపరిమాణం లెక్కన: డొక్క ముక్కలు 60, సరుగుడు చెక్క ముక్కలు 20, బాగా మాగిన కంపోస్టు 12, నలగ్గొట్టిన గుల్ల (సున్నం ఉండే ఆల్చిప్పల పెంకులు) 8. చెక్క లేకుండా ఒట్టి డొక్కతో వేస్తే రెండో ఏడు కుంగుతుంది. మొదటి నెలల్లో ఎలాగూ 10–15 శాతం దిగుతుంది కాబట్టి 38కి బదులు 44 ఘనపు మీటర్లు తెప్పించుకోండి.

ఉండి_రైస్‌మిల్

మా వైపు ఊక కుప్పలు కుప్పలుగా ఉంది. డొక్క బదులు ఊక?

అంబాజీపేట_పీచు

వద్దండి. ఊక నీటిని పట్టదు, పైన పోసింది పోసినట్టు జారిపోతుంది. గింజలు గింజలుగా సర్దుకుని గట్టిపడుతుంది కూడా. కంపోస్టు విడివిడిగా ఉండటానికి కొంచెం కలపొచ్చు, అంతే.

యానాం_గుల్ల

గుల్ల 8 పాళ్ళు చాలదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ని బాక్టీరియా తింటే వచ్చేది సల్ఫ్యూరిక్ యాసిడ్. కిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌కి 2.9 కిలోల యాసిడ్. 20 పీపీఎం వస్తోందనుకుంటే 3,000 ఘనపు మీటర్ల గాలికి గంటకి 84 గ్రాములు, రోజుకి 2 కిలోలు, అంటే దాదాపు 6 కిలోల యాసిడ్. దాన్ని చంపడానికి రోజుకి 6 కిలోల గుల్ల, ఏడాదికి 2 టన్నుల పైమాట. పైగా గుల్ల మీద జిప్సం పొర కట్టి లోపలి సున్నం యాసిడ్‌కి అందదు, సగమే పనికొస్తుంది. నా మాట వింటే బెడ్ మొత్తం గుల్లతోనే వేయండి. అది కుళ్ళదు, కుంగదు.

గాలిలెక్క

లెక్క సరిగానే ఉంది, కానీ ఆ 20 పీపీఎం ఎక్కడ కొలిచినది? ట్యాంకు మూత కింద 20 అయితే అది 600 ఘనపు మీటర్లకే వర్తిస్తుంది. అప్పుడు గంటకి 17 గ్రాములు, రోజుకి 400 గ్రాములు, గుల్ల రోజుకి కిలోంబావు, ఏడాదికి 430 కిలోలు. 38 ఘనపు మీటర్లలో 8 పాళ్ళంటే 3 ఘనపు మీటర్ల గుల్ల, రెండు టన్నుల పైనే. సగమే పనికొచ్చినా రెండేళ్ళకి ఢోకా లేదు. గది గాలితో కలిశాక బ్లోయర్ దగ్గర 20 ఉంటే మాత్రం మీ మాటే నిజం.

అందుకని ముందు గ్యాస్ డిటెక్టర్ ట్యూబులు కొనండి, హైడ్రోజన్ సల్ఫైడ్‌కీ అమ్మోనియాకీ విడివిడిగా. మధ్యాహ్నం పీలింగ్ అయ్యాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, మూడు రోజులు కొలవండి. సగటు కాదు, గరిష్ఠం రాసుకోండి.

సూక్ష్మజీవి

ఒట్టి గుల్లతో నాకూ ఇబ్బంది ఉంది. యాసిడ్‌కి బాగుంటుంది గానీ నీరు పట్టుకోదు, నిత్యం తడుపుతూ ఉండాలి. పంపు ఒక పూట ఆగితే బెడ్ ఎండుతుంది. డొక్క బెడ్ ఆ పూట ఓర్చుకుంటుంది. సల్ఫైడ్ ఎక్కువుంటే మధ్యేమార్గం ఉంది: ట్యాంకు గాలికి మాత్రం ముందు చిన్న ట్రిక్లింగ్ టవర్, ప్లాస్టిక్ ప్యాకింగ్ మీద నీళ్ళు తిరుగుతూ. అందులో పీహెచ్ 2కి పడినా ఫర్వాలేదు, యాసిడ్‌ని ఇష్టపడే థయోబాసిల్లస్ జాతి అక్కడే హాయిగా బతుకుతుంది. అమీన్ తినేవి మాత్రం పీహెచ్ 6.5–8 మధ్యే బతుకుతాయి. రెంటినీ ఒకే కాపురంలో పెడితే ఓడేది నీచు కంపు తినేవే.

అమ్మోనియాకీ హద్దుంది. అది 100 పీపీఎం దాటితే బెడ్‌లో నైట్రిఫికేషన్, అంటే బాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే పని, దెబ్బతింటుంది. తలకాయలు మూడు నాలుగు గంటల్లో ఎత్తేస్తే, లేదా ఐస్‌లో ఉంచితే, అంతదాకా రాదు. రాత్రంతా గదిలో ఉంటే వస్తుంది.

ఇదేం కొత్త విద్య కాదు లెండి. జర్మనీలో బాఖ్ 1923లోనే మురుగునీటి ప్లాంట్ల హైడ్రోజన్ సల్ఫైడ్‌ని ఇలా వదిలించొచ్చని రాశాడు. 1957లో అమెరికాలో పోమెరాయ్ మట్టి బెడ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి మట్టికి బదులు ఇప్పుడు మనం డొక్క అంటున్నాం.

నరసాపురం_ఫిట్టర్

కట్టుబడి సంగతి నేను చెప్తాను. డెల్టాలో గొయ్యి తీసి బెడ్ వేయొద్దు. వానాకాలంలో ఊటనీరు పైకొచ్చి అడుగు గాలి గది చెరువైపోతుంది. నేల మీదే కట్టండి. అడుగున 450 మిల్లీమీటర్ల ఖాళీ, దాని మీద ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) గ్రేటింగ్, దాని మీద బెడ్. గోడ కాంక్రీటే అయినా లోపల ఎపాక్సీ పూత గానీ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీట్ గానీ ఉండాలి. వట్టి సిమెంటుని యాసిడ్ పిండి చేస్తుంది.

గాలి గొట్టానికి (డక్ట్) జీఐ, అంటే జింకు పూత ఇనుము, వాడితే చిల్లులు పడేది ముందు అడుగు భాగంలోనే, తేమ నిలిచేది అక్కడే కాబట్టి. 315 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేయండి, 3,000 గాలికి సెకనుకి 11–12 మీటర్ల వేగం వస్తుంది. మీటరుకి ఒక సెంటీమీటరు వాలు, దిగువ చివర నీరు తీసే కాక్. బ్లోయర్ 200 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడికి, 5 హెచ్‌పీ మోటారు, వేగం తగ్గించి పెంచే వీఎఫ్‌డీతో. కొత్త బెడ్‌కి 30–40 మిల్లీమీటర్లే పడుతుంది, మిగతాది ముసలి బెడ్ కోసం.

బెడ్ అడుగు నీరు పోయే పైపుకి యూ వంపు పెడతారు, అందరూ పొరపాటు చేసేది అక్కడే. లోపల గాలి ఒత్తిడి 150 మిల్లీమీటర్లయితే వంపులో నీటి మెట్టు 300 ఉండాలి. నాలుగంగుళాల వంపు పెడితే గాలి ఆ నీళ్ళని తన్నేసి డ్రైనులోంచి పోతుంది. పైన బెడ్ వాసన చూస్తే బ్రహ్మాండం, కంపంతా కాలవ గట్టున.

గోడ పక్కన గాలి జారిపోకుండా గోడ చుట్టూ లోపలి వైపు, గ్రేటింగ్ మీద, 300 మిల్లీమీటర్ల వెడల్పున షీట్ పరచండి. బెడ్ చుట్టూ వెల్డ్‌మెష్ కూడా. పందికొక్కు ఒక్క బొరియ చేసిందంటే గాలంతా అందులోంచే పోతుంది.

బురదనీరు

ఇక్కడిదాకా ఎవరూ నీళ్ళ లెక్క ఎత్తలేదు. బయోఫిల్టర్లు చచ్చేది ఎక్కువగా ఎండిపోయే.

వానల్లో 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలి బెడ్‌లోంచి రోజుకి 150 లీటర్లు ఎత్తుకుపోతుంది. రోహిణి ఎండలకి 40 డిగ్రీలు, 40 శాతం తేమ ఉంటే అది 400 లీటర్లు. కాబట్టి బెడ్‌కి ముందు గాలిని తడిపే గది ఉండాలి, స్ప్రే నాజిళ్ళతో, గాలి తేమ 95 శాతం దాటేలా. పైన స్ప్రింక్లర్ ఉంది కదా అనుకోకండి. గాలి కింది నుంచి వస్తే ఎండేది అడుగు, తడిసేది పైన. పైన నాచు పట్టి పచ్చగా కనిపిస్తుంది, కింద ముప్పావు అడుగు మందాన పొడిపీచు. గాలి పైనుంచి కిందికి పంపితే ఎండేచోటే నీళ్ళూ పడతాయి, కానీ అప్పుడు పైన మూత కట్టాలి, ఖర్చు.

ఏ నీళ్ళన్నది రెండో ప్రశ్న. సముద్రం వైపు బోరు నీళ్ళు ఉప్పు. టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకి 2,000 మిల్లీగ్రాములు ఉన్న నీళ్ళు రోజుకి 400 లీటర్లు పోస్తే రోజుకి 800 గ్రాముల ఉప్పు బెడ్‌లోనే మిగులుతుంది, రెండు నెలలకి 48 కిలోలు. ఫ్లోర్ కడిగే క్లోరిన్ నీళ్ళు పోస్తే చెప్పక్కర్లేదు, పురుగుమందు కొట్టినట్టే. ఆర్‌ఓ రిజెక్ట్ (ఆర్‌ఓ మిషను వదిలేసే ఉప్పునీళ్ళు) వద్దు. కండెన్సర్ బ్లోడౌన్ (కండెన్సర్ నుంచి వదిలేసే పాత నీళ్ళు) వద్దు, అందులో నాచు మందు ఉంటుంది. కాలువ నీళ్ళు మంచివే గానీ ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు ఏం చేస్తారు? 45 రోజులకి 18,000 లీటర్ల నిల్వ కావాలి.

మీ ప్లాంటులో ఒక ఊట ఉంది, చాలామంది చూడరు. కోల్డ్ స్టోరేజి కాయిళ్ళ డీఫ్రాస్ట్ నీళ్ళు. దాదాపు ఉప్పు లేని నీళ్ళవి, డ్రైనులోకి పోతున్నాయి. ఒక ట్యాంకులోకి మళ్ళించండి.

పాలకొల్లు_ఈటీపీ

డీఫ్రాస్ట్ నీళ్ళ సంగతి నిజంగా తట్టలేదండి. తడి సరిపోయిందని ఎలా తెలుస్తుంది? పైకప్పు అవసరమా? మొదలుపెట్టాక ఎన్నాళ్ళకి పనిచేస్తుంది?

బురదనీరు

బెడ్‌లో ఒక అడుగు లోతు నుంచి గుప్పెడు తీసి పిండండి. వేళ్ళ సందున నాలుగైదు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ. అరచెయ్యి తడవకుండా స్పాంజిలా తిరిగి లేస్తే తక్కువ. నెలకోసారి కిలో నమూనా 105 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టి తూచండి, డొక్క బెడ్‌కి 60 నుంచి 70 శాతం తేమ.

పైకప్పు కావాలి. తుఫానులో 100 మిల్లీమీటర్ల వాన పడితే మీ బెడ్ మీద 3,200 లీటర్లు. మీడియాకి మీటరున్నర పైన రేకు వేసి పక్కలు వదిలేయండి.

సూక్ష్మజీవి

విత్తనం మీ దగ్గరే ఉంది. ఈటీపీ ఏరేషన్ ట్యాంకు స్లడ్జ్ ఘనపు మీటరు మీడియాకి 10–20 లీటర్లు, డొక్క కలిపేటప్పుడే చల్లండి. సీసాల్లో అమ్మే కల్చర్లు అక్కర్లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. నీచు కంపు మూడు నాలుగు వారాలు పడుతుంది, అమ్మోనియా తినేవి నెమ్మదిగా పెరుగుతాయి. మొదటి వారం సగం గాలితో నడపండి. కరెంటు పోయినా, సెలవైనా బ్లోయర్‌ని పూర్తిగా ఆపకుండా మూడో వంతు వేగంలో ఉంచండి. రోజు దాటి గాలి అందకపోతే బెడ్ తానే కుళ్ళు కంపు కొడుతుంది.

పనిచేస్తున్న బెడ్ మీద తడిమట్టి వాసన వస్తుంది. ఆ వాసన సున్నా కాదు, కాకూడదు.

కాకినాడ_ఫిష్‌మీల్

ఇదే బెడ్ ఫిష్‌మీల్ కుక్కర్, డ్రయ్యర్ ఆవిరికి పనికొస్తుందా?

గాలిలెక్క

నేరుగా పెడితే ఒక్క షిఫ్టులో బెడ్ ఉడికిపోతుంది. 90 డిగ్రీల పైన ఆవిరి అది. ముందు కండెన్సర్‌లో ఆవిరిని నీరు చేయాలి, తర్వాత వాటర్ స్క్రబ్బర్‌లో నూనె తుంపర, దుమ్ము ఆపాలి, బెడ్‌కి చేరేసరికి 40 డిగ్రీల లోపు ఉండాలి. నూనె పొర పట్టిన మీడియా మళ్ళీ నీరు తాగదు, మార్చడమే. మిగిలిన గాలి కొంచెమే గానీ చాలా ఘాటు, అందుకే సెకన్లు 60 పైన పెట్టండి. బాయిలర్ ఉంది కదా, ఆ కండెన్స్ కాని వాయువుని బాయిలర్ గాలిలో కలిపి కాల్చేస్తే ఇంకా నయం. బెడ్‌ని షెడ్ గాలికి వాడుకోండి.

పాలకొల్లు_ఈటీపీ

కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్ళు వస్తే ఏం చూపించాలి? పాత మీడియాని ఏం చేయాలి?

సూక్ష్మజీవి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో వాసన కాలుష్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో బయోఫిల్టర్ గురించి ఉంది. బయటి గాలిలో అమ్మోనియాకి 2009 ప్రమాణం 24 గంటల సగటు ఘనపు మీటరుకి 400 మైక్రోగ్రాములు. దానికి తోడు మీ రోజువారీ పుస్తకం: బెడ్ ముందు వెనక ఒత్తిడి తేడా, లోపలికెళ్ళే గాలి ఉష్ణోగ్రత, డ్రైను నీటి పీహెచ్, పోసిన నీళ్ళు. ఈ నాలుగు గళ్ళు చాలు. ఒత్తిడికి ఖరీదైన మీటరు అక్కర్లేదు, పారదర్శకమైన గొట్టాన్ని యూ ఆకారంలో వంచి రంగునీళ్ళు పోసి స్కేలు అంటించండి. తేడా 120 మిల్లీమీటర్లు దాటితే పై రెండడుగులు తవ్వి వదులు చేయండి, అయినా దిగకపోతే మీడియా మార్పు. ఉన్నట్టుండి తగ్గిందంటే సంతోషించకండి, ఎక్కడో బొరియ పడిందని అర్థం.

అంబాజీపేట_పీచు

డొక్క బెడ్ రెండు మూడేళ్ళు వస్తుంది. పాత మీడియా పీహెచ్, ఈసీ చూడకుండా కొబ్బరి మొదళ్ళలో వేయొద్దండి. పీహెచ్ 3లో ఉన్నది వేళ్ళని కాల్చేస్తుంది. సున్నం కలిపి కుప్ప వేసి, ఒక వానాకాలం కడిగాక వాడుకోండి.

నరసాపురం_ఫిట్టర్

మీడియా మార్చేటప్పుడు గానీ ట్యాంకు బురద తీసేటప్పుడు గానీ ఒక్క మాట. కంపు పోయింది కదా అని మనిషిని దింపొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం చేరితే ముక్కే మొద్దుబారిపోతుంది, ఏమీ లేదనిపిస్తుంది. బ్లోయర్‌తో గాలి ఆడించి, మీటరు తాడుకి కట్టి అడుగుదాకా దింపి చూసి, నడుముకి తాడుతో, పైన ఇద్దరితో, అప్పుడే.

పాలకొల్లు_ఈటీపీ

రేపు ట్యూబులకి ఆర్డర్ పెడుతున్నామండి. ఏరేషన్ బ్లోయర్ ప్లేటు మీద గంటకి 350 అని ఉంది, కాబట్టి 600 సరిపోతుందనుకుంటా. ట్యాంకు మూతకి ఎఫ్‌ఆర్‌పీ కొలతలు తీస్తున్నాం.

నరసాపురం_ఫిట్టర్

కొలతలతో పాటు మ్యాన్‌హోల్ ఏ మూలో గుర్తుపెట్టండి. సక్షన్ పైపు దానికి ఎదురు మూలన రావాలి. రెండూ పక్కపక్కన పెడితే బయటి మంచి గాలినే లాగుతూ కూర్చుంటుంది, అవతలి మూల కంపు అక్కడే ఉండిపోతుంది.